అమ్మానాన్నలు వస్తున్నారు, మూడు వారాలు. లండన్ కాకుండా ఇంకేం చూపించాలి?

కృష్ణలంక:
అందరికీ నమస్తే. మా అమ్మానాన్నలు మే 10కి దిగుతున్నారు, మూడు వారాలే ఉంటారు. నేనుండేది లెస్టర్. కారు లేదు. ఏడు రోజులు లీవ్ దొరికింది, దానికి శని ఆదివారాలు కలుపుకోవాలి. నాన్న రైల్వేలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, బెజవాడ షెడ్డు, 69 ఏళ్ళు. ఆయన బానే నడుస్తారు గానీ నచ్చితేనే నడుస్తారు, నచ్చకపోతే ఎక్కడ బెంచీ కనిపిస్తే అక్కడ కూర్చుండిపోతారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే హడల్, గుడ్డు కూడా ముట్టదు.
యూట్యూబ్‌లో చూస్తే అందరూ ఒకటే చెప్తున్నారు, బిగ్ బెన్, లండన్ ఐ, బ్రిడ్జి దగ్గర ఫొటో. పోయినేడు మా అత్తామామలు వచ్చినప్పుడు నేనూ అదే చేశా, రెండో రోజు సాయంత్రానికి మామయ్యగారు సోఫాలో కాళ్ళు చాపి "ఇక చాలు బాబూ, రేపు ఇంట్లోనే ఉందాం" అనేశారు. ఈసారి అలా కాకూడదు. మీ అమ్మానాన్నలకి నిజంగా ఏది నచ్చిందో చెప్పండి, లిస్టులు వద్దు.

టీకప్పు:
లండన్‌లో పద్దెనిమిదేళ్ళ నుంచి ఉంటున్నా, వచ్చిన ప్రతి చుట్టానికీ నేనే గైడుని, అందుకని చెప్తున్నా. లండన్ మానెయ్యకండి, తగ్గించండి. రెండు రోజులు చాలు. ఆ లండన్ ఐ చక్రం ఎక్కొద్దు, ఆ డబ్బులతో ఇంకో ఊరు చూడొచ్చు. పైనుంచి ఊరు చూడాలనుకుంటే స్కై గార్డెన్ ఫ్రీ, ముందుగా బుక్ చేసుకోవాలి, లిఫ్టులో పైకి వెళ్ళిపోతారు కాబట్టి అమ్మగారికి ఇబ్బంది లేదు. మ్యూజియాలు పెద్దవన్నీ ఫ్రీయే. నేచురల్ హిస్టరీలో హాల్లోకి అడుగు పెట్టగానే పైన నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతూ ఉంటుంది, 25 మీటర్లు, మా అత్తగారు దాని కింద నిలబడి అక్కడే అరగంట, "దీనికి రోజూ ఎంత తిండి పెట్టాలే" అని లెక్కలేస్తూ కూర్చున్నారు. ఇంకోటి, అందరూ చేసే తప్పు: బస్సులో ట్యూబు రైల్లో ఒకే కార్డుతో ముగ్గురికీ టాప్ చేస్తే కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. మా మరిదికి అర్థమయ్యేలోపు గేటు దగ్గర వెనకాల ముప్పై మంది ఆగిపోయారు.

పాతకోట:
బ్రిటిష్ మ్యూజియంకి వెళ్తే రోసెట్టా రాయి దగ్గర గుంపులో నలగక్కర్లేదు, నేరుగా 33వ నంబరు గదికి వెళ్ళండి, దాని చివర 33ఏ, గాజు తలుపుల వెనకాల. అక్కడున్నది మొత్తం మన అమరావతి స్తూపం. వంద దాటిన పలకలు, స్తంభాల ముక్కలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు, అక్కడ్నుంచి 1859లో లండన్ చేరాయి. వీటిని మార్బుల్స్ అంటారు గానీ పాలరాయి కాదండీ, పల్నాడు సున్నపురాయి. ఒక పలక మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది, గుండ్రటి డోము, ముందు ఐదు స్తంభాలు, సింహాలు, అంతా. అమరావతిలో ఇప్పుడు నిలబడి చూస్తే కనిపించని స్తూపం అక్కడ ఆ రాతి మీద కనిపిస్తుంది. విజయవాడవాళ్ళు చూడకుండా వెనక్కి పోతే ఎలా.
టవర్ ఆఫ్ లండన్‌లో కోహినూర్ సంగతి సరే సరి. కొల్లూరు గనిదే అంటారు, మన కృష్ణ ఒడ్డు.

ఓరుగల్లు_పోరడు:
కోహినూర్ జూసి ఏం జేస్తరన్నా, గోరంత ఉంటది. కిరీటాల ముంగట కదిలే బెల్టు మీద నిలబెడ్తరు, ఫొటో తియ్యనియ్యరు, ముప్పై సెకండ్లల్ల అవతల పడేస్తది. మా బాపు దిగంగనే "గిదేనా, గింతేనా" అన్నడు 😂

పాతకోట:
మళ్ళీ తిరిగి వచ్చి ఎక్కొచ్చు బ్రో, రద్దీ లేనప్పుడు ఎవరూ ఏమనరు. అయినా గోరంత ఎందుకుందంటే 1852లో ఇక్కడ మళ్ళీ కోయించారు, 186 క్యారెట్లది 105 చిల్లరకి దిగింది. కోసింది వాళ్ళు, గింతేనా అన్న మాట మాత్రం మనది.

స్టూడెంట్_బతుకు:
కవెంట్రీలో చదువుకుంటున్నా అన్నా. డబ్బుల్లేనోళ్ళ తరఫున ఒక మాట. మా ఊరు ఎవరూ చెప్పరు. 1940 నవంబరు 14 రాత్రి బాంబులేస్తే పాత కెథడ్రల్ కాలిపోయింది, గోడలు మాత్రం మిగిలినయ్, దాన్ని అలాగే వదిలేసి పక్కనే కొత్తది కట్టారు, 1962లో తెరిచారు. పైకప్పు లేని చర్చిలో ఆకాశం కనపడుద్ది, వాన పడితే లోపల పడుద్ది. నాకు ఎగ్జామ్ టెన్షన్ ఉన్నప్పుడల్లా పోయి కూర్చుంటా. దగ్గర్లోనే ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది. అంతా ఒక పూట పని.

ఓరుగల్లు_పోరడు:
బర్మింగ్‌హామ్‌ని ఎవ్వలు యాది జేస్తలేరేంది? లెస్టర్ నుంచి రైలుకు గంట. ఫస్టు టివిడేల్ బాలాజీ గుడి. అమ్మలు వచ్చినంక గుడికి తోల్కపోకుంటే ఊకుంటరా. తిరుమల లెక్కనే కట్టిండ్రు, 2006ల కుంభాభిషేకం అయింది, చుట్టూ జాగ మస్తుంటది. ఊరి నడుమ లేదు, శాండ్‌వెల్ అండ్ డడ్లీ స్టేషన్ల దిగి క్యాబ్ మాట్లాడుకోవాలె. ఆదివారం పోతే సగం మంది తెలుగోళ్ళే, పార్కింగ్‌ల ఎవ్వలో ఒకలు మన ఊరోళ్ళు తగుల్తరు, గారెంటీ.
అది అయినంక ఊర్లకు రండ్రి. బ్యాక్ టు బ్యాక్స్ అని పాత కార్మికుల ఇండ్లున్నయ్, ఒక ఇంటి వీపుకు ఇంకో ఇంటి వీపు ఆనుకొని ఉంటది, కిటికీ ఒక్క దిక్కే. ఊరంత గసొంటియే ఉండెనంట, అన్ని కూలగొట్టి ఒక్క వాకిలి మిగిల్చిండ్రు. గైడుతోనే చూడాలె, ముందుగల్ల బుక్ జేస్కోవాలె. కని మెట్లు మాత్రం నిచ్చెన లెక్క, అమ్మకు మోకాళ్ళంటున్నవ్ కదా, ఆమెను కింది రూముల్లనే ఉంచు. కెనాల్ ఒడ్డు పొంటి నడిస్తే మాత్రం సాఫు జాగ, మెట్లుండయ్.

టీకప్పు:
డడ్లీ అన్నారు కాబట్టి, అక్కడే బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియం ఉంది, పాత ఊరు మొత్తం మళ్ళీ కట్టి పెట్టారు, దుకాణాలు, బొగ్గు గని, గొలుసులు చేసే కొలిమి. పిల్లలకీ పెద్దవాళ్ళకీ బాగుంటుంది. కానీ ఒక హెచ్చరిక. అక్కడ పాత పద్ధతి ఫిష్ అండ్ చిప్స్ అని పెద్ద లైను ఉంటుంది, చిప్స్ ఆవు కొవ్వులో వేయిస్తారు. వాళ్ళేం దాచరు, అదే వాళ్ళ గొప్ప. మనమే బంగాళాదుంపలే కదా అని అమ్మలకి కొనిచ్చేస్తాం. ఉత్తరాదిన చాలా చిప్స్ షాపుల్లో ఇంతే, యార్క్‌షైర్ వైపు మరీ. "ఏ నూనె?" అని అడిగి తినండి.

కృష్ణలంక:
అమ్మో. ఇది ఎవరూ చెప్పలేదు నాకు. ఐదేళ్ళ నుంచి తింటున్నా నేను.

టీకప్పు:
అమ్మగారికి చెప్పకండి మరి 🙂

గోదారి_గట్టు:
ఆయ్, నమస్కారమండి. గ్లాస్గోలో ఉంటామండి మేము. అందరూ ఎడిన్‌బరో ఎడిన్‌బరో అని వచ్చేసి కోట చూసి వెళ్ళిపోతారండి, రైల్లో గంట లోపే మేమున్నాం, ఇటు తొంగి చూడరు. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ఒక్కటి చాలండి, 1901లో తెరిచారు, ఫ్రీ, లోపల కింద ఏనుగు, పైన విమానం. విమానమంటే బొమ్మ కాదండి, యుద్ధంలో వాడిన రకం స్పిట్‌ఫైర్, తాళ్ళకి వేలాడదీశారు. మధ్యాహ్నం ఒంటిగంటకి పైన పెద్ద ఆర్గన్ వాయిస్తారు, మా నాన్నగారికి ఇంగ్లీషు ముక్క రాదు గానీ, ఆయన కచేరీలకి వెళ్ళే మనిషి కదండి, కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చున్నారు, తాళం కుదరట్లేదని మధ్యమధ్యలో చిరాకు పడుతూ. మెట్రో కూడా తమాషాగా ఉంటుందండి, 1896 నాటిది, ఒకటే వృత్తం, పదిహేను స్టేషన్లు, నిద్రపోయినా ఫర్లేదు, మళ్ళీ మన స్టేషన్ వస్తుంది.

వైజాగ్_అల:
గ్లాస్గో బాగుంటుంది సరే కానీ మొదటిసారి వచ్చినవాళ్ళకి ఎడిన్‌బరో కాదని గ్లాస్గో చూపిస్తారా అండీ, తిరపతి వెళ్ళి కొండెక్కకుండా గోవిందరాజస్వామిని చూసి వచ్చినట్టు.

గోదారి_గట్టు:
గోవిందరాజస్వామి గుడికేమండీ తక్కువ?

టీకప్పు:
ఇక్కడ ఎడిన్‌బరో పక్షం నాది. కానీ మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఆ ఊరంతా ఎత్తుపల్లాలు, రాళ్ళ రోడ్లు, ఒక వీధి నుంచి ఇంకో వీధికి సందులో అరవై మెట్లు. కోటలో నడవలేనివాళ్ళని పైకి తీసుకెళ్ళడానికి చిన్న వ్యాన్ ఉంటుంది, గేటు దగ్గర అడగాలి, మనంతట మనం అడక్కపోతే తెలీదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారు, 1861 నుంచి, ఆదివారాలు ఉండదు. మేము ఆదివారం వెళ్ళి ఒంటిగంట పది దాకా చెవులు మూసుకుని నిలబడ్డాం. ఆగస్టులో మాత్రం చచ్చినా వెళ్ళకండి, పండగలకి హోటల్ రేట్లు చూస్తే గుండె ఆగుతుంది. మేలో ఫర్లేదు, కానీ నెలాఖరు వారం స్కూళ్ళకి సెలవు, అప్పుడు ఎక్కడైనా రద్దీనే.

వైజాగ్_అల:
నేను బ్రిస్టల్‌లో ఉంటా. ఇటు వస్తే రెండు ఊళ్ళు ఒకేసారి అవుతాయ్, బాత్ పావుగంట రైలు. బాత్‌లో రోమన్లు కట్టిన స్నానఘట్టం, నేల్లోంచి 46 డిగ్రీల నీళ్ళు రోజుకి పదకొండు లక్షల లీటర్ల పైనే ఊరుతూనే ఉన్నాయి. ఆకుపచ్చగా ఉంటాయ్, ముట్టుకోవద్దంటారు, దిగనివ్వరు. చివర్లో తాగడానికి ఇస్తారు, గోరువెచ్చగా తుప్పు పట్టిన బిందెలో నీళ్ళలా ఉంటాయ్. టికెట్ ఎక్కువే గానీ వర్త్.
బ్రిస్టల్‌లో ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్ ఓడ. 1843లో నీళ్ళలోకి దించారు, ఇనప ఓడ, చివరికి ఫాక్‌లాండ్స్ దగ్గర పాడుబడి ఉంటే 1970లో లాక్కొచ్చి ఏ డాక్‌లో కట్టారో అదే డాక్‌లో పెట్టారు. ఓడ చుట్టూ గాజు పరిచి దాని మీద సన్నగా నీళ్ళు వదిలారు, మనం ఆ గాజు కిందకి దిగి ఓడ అడుగుని చూడొచ్చు, తల మీద నీడలు కదుల్తుంటాయ్. వైజాగ్ పోర్టులో మా నాన్న ముప్పై ఏళ్ళు పనిచేశారు, ఓడ అడుగు ఇంత దగ్గర్నుంచి చూడలేదన్నారు. ఆర్నోస్ వేల్ శ్మశానంలో రాజా రామమోహన్ రాయ్ సమాధి ఉంది, మంటపం మన గుళ్ళలా ఉంటుంది, ఆయన 1833లో ఇక్కడే పోయారు.

పాతకోట:
సమాధులంటే గుర్తొచ్చింది. మనకి నిఘంటువు రాసిచ్చిన బ్రౌన్ దొర లండన్‌లోనే ఉన్నాడు, కెన్సల్ గ్రీన్ శ్మశానం, 1884లో పోయాడు. శ్మశానం చాలా పెద్దది, ఆఫీసులో అడగకుండా వెతికితే రోజు పోతుంది.

గోదారి_గట్టు:
అయితే మా కాటన్ దొరగారి సమాధి డార్కింగ్‌లో ఉందండి, అది కూడా రాసుకోండి. మేము వెళ్ళి దండేసి వచ్చాం.

మోడరేటర్:
పెద్దవాళ్ళని సరదాగా తిప్పడానికి ఊళ్ళు అడిగారు, శ్మశానాల యాత్ర కాదు. ప్రశ్న దగ్గరకి రండి దయచేసి.

ఐదో_నంబర్_ప్లాట్‌ఫాం:
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ నాన్నగారు రైలు డ్రైవరు అని మొదటి ముక్కలోనే రాస్తే యార్క్ అని ఒక్కరూ అనలేదేంటి?? నేషనల్ రైల్వే మ్యూజియం. స్టేషన్ వెనకాలే, ఐదు నిమిషాల నడక, ఎంట్రీ ఫ్రీ, అంతా సమతలం. మల్లార్డ్ అక్కడే ఉంది, నీలం ఇంజను, 1938లో గంటకి 126 మైళ్ళు పోయింది, ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ అదే రికార్డు. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె ఉంది, లోపల సీట్లలో కూర్చోవచ్చు. అన్నిటికంటే పెద్ద విషయం, ఒక ఇంజనుని నిలువునా కోసి పెట్టారు. బాయిలర్ ట్యూబులు, ఫైర్‌బాక్సు, సిలిండరు, పిస్టను అన్నీ బయటికి కనిపిస్తాయి. నాన్నగారు స్టీమ్ మీద పనిచేశారా?

కృష్ణలంక:
78లో ఫైర్‌మన్‌గా చేరారండి. తర్వాత డీజిలు, తర్వాత కరెంటు. ఇంట్లో ఎప్పుడూ స్టీమ్ కబుర్లే. ఇది నాకెందుకు తట్టలేదో నాకే అర్థం కావట్లేదు.

ఐదో_నంబర్_ప్లాట్‌ఫాం:
ఇంకేం మరి. టికెట్లు ముందుగా తీసుకోండి, 60 దాటిన వాళ్ళకి సీనియర్ రైల్‌కార్డు ఉంటుంది, విజిటర్లు కూడా తీసుకోవచ్చు, మూడో వంతు తగ్గుతుంది. ముగ్గురు కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ కూడా ఉంది చాలా రైళ్ళలో, రద్దీ టైము కాకపోతే. రెండూ పోల్చి చూసి తీసుకోండి.

ఓరుగల్లు_పోరడు:
కృష్ణలంక అన్నా, నీ లెస్టర్ల పార్కింగ్ కింద రాజు దొరికిండు కదా, అది జూపెట్టినవా మరి?

కృష్ణలంక:
సిగ్గుగా ఉంది, నేనే చూడలేదు. రోజూ దాని ముందునుంచే వెళ్తా.

(ఐదు వారాల తర్వాత)

కృష్ణలంక:
అందరికీ థ్యాంక్స్. వాళ్ళు మొన్నే వెళ్ళారు. ఎడిన్‌బరో, గ్లాస్గో, బ్రిస్టల్ కుదర్లేదు, గోదారి గారు క్షమించాలి. ఏం జరిగిందో రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది.
మొదట లెస్టర్‌లోనే మూడో రిచర్డ్. 1485లో యుద్ధంలో చచ్చిపోయిన రాజు, 2012లో కారు పార్కింగ్ కింద దొరికాడు, గుంట మీద గాజు పరిచారు, దాని మీద నిలబడి చూస్తాం. వెన్నెముక వంకర. అమ్మ ఆ గాజు మీద కాలు పెట్టనంది, పక్కన నిలబడి అడిగింది "ఐదొందల ఏళ్ళు కర్మ చేయలేదా ఆయనకి?" అని. 2015లో పక్క కెథడ్రల్లో మర్యాదగా పూడ్చారని చెప్తే అక్కడికి తీసుకెళ్ళమంది, సమాధి రాయి దగ్గర చెప్పులు విప్పబోతే నేనే ఆపా.
బర్మింగ్‌హామ్ గుడి, ఓరుగల్లు బ్రో చెప్పినట్టే పార్కింగ్‌లోనే దొరికారు, సత్యనారాయణపురం వాళ్ళు, మా పిన్ని ఇంటి వెనక వీధి. అమ్మకి ఇంగ్లండ్‌లో బెస్టు ప్లేస్ ఏదంటే ఆ పార్కింగే.
లండన్ రెండు రోజులు. టవర్‌కి వెళ్ళలేదు, టికెట్ రేటు రూపాయల్లోకి మార్చి నాన్న వద్దన్నారు. తిమింగలం చూశాం. బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ. నాన్న చిన్నప్పుడు స్కూలు ఎక్స్‌కర్షన్‌కి బెజవాడ నుంచి లాంచీలో అమరావతి వెళ్ళారంట, గుడి చూపించి, ఇదిగో స్తూపం అని ఒక దిబ్బ చూపిస్తే పిల్లలంతా దాని మీద ఎక్కి దిగి ఆడుకున్నారంట. పాతకోట గారు చెప్పిన ఆ పలక దగ్గర ఆగి, "మేమెక్కి తొక్కింది దీన్నా" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు, బయటికొచ్చి టీ తాగుదామన్నారు.
ఇక యార్క్. లెస్టర్ నుంచి మధ్యలో ఒక మార్పు, ఆ కలవాల్సిన రైలు క్యాన్సిల్, స్టేషన్లో గంటంబావు. నాన్న విసుక్కుంటారనుకుంటే ప్లాట్‌ఫాం చివరికి వెళ్ళి వచ్చే పోయే బళ్ళ కప్లింగులు చూస్తున్నారు. మ్యూజియంలో పదకొండుకి అడుగు పెట్టాం. మల్లార్డ్ దగ్గర రెండు నిమిషాలు, "రంగు బావుంది" అన్నారు. తర్వాత ఆ కోసిన ఇంజను. మా నాన్నని అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. గేజ్ గ్లాసు, అదే బాయిలర్లో నీటి మట్టం చూపించే గాజు గొట్టం, దాని దగ్గర వేలు పెట్టి, ఇందులో నీళ్ళు కనపడకపోతే బాయిలర్ పేలుద్ది, ఫైర్‌మన్ చూడాల్సింది నిప్పుని కాదు ముందు దీన్ని అని మొదలుపెట్టారు. బొగ్గు పారతో విసిరితే నాలుగు మూలలకీ ముందు పడాలి, నడుమ కుప్ప పడితే డ్రైవరు తిడతాడు. ఆ విసురు ఎలాగో చేతుల్తో చేసి చూపిస్తున్నారు, చొక్కా బయటికొచ్చేసింది, పక్కన ఒక తెల్లావిడ ఇద్దరు పిల్లలతో ఆగిపోయింది. తెలుగులోనే చెప్తున్నారు ఆయన. మ్యూజియం పెద్దాయన ఒకరు, వాలంటీర్ అనుకుంటా, వచ్చి ఏదో అడిగితే నేను అనువాదం చేయబోయా, ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. రెగ్యులేటర్, ఇంజెక్టర్, డ్యాంపర్, అన్నీ అవే మాటలు కదా రెండు భాషల్లోనూ. నలభై నిమిషాలు. అమ్మ బుల్లెట్ రైలు సీట్లో కూర్చుని పులిహోర డబ్బా తీయబోయింది, లోపల తినకూడదన్నా.
మిన్‌స్టర్, అక్కడి పెద్ద చర్చి, బయటనుంచే చూశాం, ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ ఎక్కడం అమ్మకి కుదరదు. సాయంత్రం రైల్లో నాన్న అన్నారు, "మీ అత్తామామల్ని కూడా ఇక్కడికే తేవాల్సింది" అని. మా మామయ్యగారు బ్యాంకులో పనిచేశారు.

ఐదో_నంబర్_ప్లాట్‌ఫాం:
😂😂 నాకు తెలుసు. నేను చెప్పలా.

గోదారి_గట్టు:
క్షమించామండి. కానీ సౌత్ ఆఫ్రికా నుంచి వెనక్కి తెచ్చిన ఇంజను మా రివర్‌సైడ్ మ్యూజియంలో ఉంది, గ్లాస్గోలోనే 1945లో చేసింది. మన దేశానికి కూడా బోలెడు ఇంజన్లు ఇక్కడినుంచే వచ్చాయి. వచ్చేసారి నాన్నగార్ని ఇటు తీసుకురావాలి, ఇల్లుంది, హోటలక్కర్లేదు.

స్టూడెంట్_బతుకు:
అన్నా, మా కవెంట్రీ?

కృష్ణలంక:
సారీ తమ్ముడూ, వాన పడింది ఆ రోజు, పైకప్పు లేదన్నావుగా.
ఇంకో విషయం. నిన్న నాన్న ఫోన్. ఆ గేజ్ గ్లాసు ఫొటో మసగ్గా వచ్చిందంట, రిటైరైన వాళ్ళ గ్రూపులో పెడితే ఎవరో కనపడట్లేదు అన్నారంట. మళ్ళీ వెళ్ళి తియ్యమంటున్నారు, దాని కిందుండే కాక్, అదే కుళాయి, అది కూడా పడాలంట ఫొటోలో. శనివారం వెళ్తున్నా, ఇంకా ఇద్దరొస్తే గ్రూప్‌సేవ్ పడుద్ది. లెస్టర్ నుంచి ఎవరైనా?

స్టూడెంట్_బతుకు:
నేను కవెంట్రీ నుంచి వచ్చి నీ దగ్గర ఎక్కుతా అన్నా. చిప్స్ నీ ఖర్చు. ఏ నూనె అని మాత్రం నేనడగను.